నమలని ఆకు

సాలమ్మను చంపింది తేలు కాదు, అండాలు.

ఇందులో వాదనకు తావు లేదు. ఆరేళ్ల కిందట, ఆగస్టులో ఒక గురువారం పొద్దున, పొయ్యిలోకి కట్టెలు తీస్తుంటే సాలమ్మ కాలికి ఎర్రతేలు కుట్టింది. అండాలు ఆకు పసరు పెట్టింది. పసరు పనిచేస్తుందని మనిషిని ఇంట్లోనే పడుకోబెట్టారు. పదకొండు కొట్టేసరికి ప్రాణం పోయింది. కొత్తబావిగూడెం నుంచి నార్కట్‌పల్లి దవాఖాన పన్నెండు కిలోమీటర్లు. ఆటోలో ఇరవై నిమిషాలు. సాలమ్మ మొగుడు, ఏఎస్సై పెద్దులు, ఈ సంగతిని ఆరేళ్లుగా ఠాణాలో చెప్పాడు, చాయ్ కొట్టు దగ్గర చెప్పాడు, పెళ్లిళ్లలో బంతి మీద కూచుని చెప్పాడు. విన్నవాళ్లు తలూపారు తప్ప ఒక్కడూ కాదనలేదు.

ఆ అండాలు ఈ మంగళవారం పొద్దున పదీ పదికి ఠాణా వరండాలో బల్ల మీద కూచుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వచ్చేపోయే పోలీసుల బూట్లు చూస్తోంది.

కేసు చిన్నది. చౌటుప్పల్ మందుల కంపెనీలో పనిచేసే శివకృష్ణ అనే ముప్పై రెండేళ్లవాడు పొద్దున తన బావి కాడ కొట్టంలో చచ్చిపోయాడు. నోట్లో నురగ. ఒళ్లంతా చెమట. కుడికాలి మడమ దగ్గర ఒక పొడుపు, దాని మీద పచ్చటి పసరు. పెదనాన్న కొడుకు వెంకన్న వాంగ్మూలం ఇచ్చాడు. ఆరుంబావుకు తేలు కుట్టింది. తానే పోయి అండాలును పిలుచుకొచ్చాడు. ఆరున్నరకు ఆమె పసరు నూరి పెట్టింది, దవాఖాన అక్కర్లేదన్నది, ఏడింటికి వెళ్లిపోయింది. ఏడుంబావుకు తమ్ముడు పోయాడు. ఎస్సై గోపీకృష్ణ తొమ్మిదిన్నరకల్లా కేసు రాసేశాడు. నాటువైద్యం చేసి మనిషి ప్రాణం తీసిందని. నాలుగింటికి పత్రికలవాళ్లు, ఆ తర్వాత నల్లగొండ కోర్టు, ఆపైన జైలు.

పెద్దులు పండగ చేసుకోవాల్సిన రోజు. కానీ పొద్దున ఎనిమిదింటికి శవాన్ని అంబులెన్సు ఎక్కించింది తనే. ఎక్కించేటప్పుడు అలవాటు కొద్దీ కనురెప్ప ఎత్తి చూశాడు. కంటిపాప ఆవగింజంత ఉంది.

అదీ ముల్లు. తేలు విషానికి పోయిన మనిషి కంటిపాప ఎంత ఉంటుందో పెద్దులుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సాలమ్మ కళ్లు మూసింది అతనే. నల్లగా, పైసా బిళ్లంత. ఆవగింజంత కంటిపాపనూ అతను చూశాడు. ముప్పై ఏళ్ల నౌకరీలో పత్తి చేల గట్ల మీద, కాలిన బోరు మోటర్ల పక్కన, చాలాసార్లే. పురుగుల మందు తాగిన రైతు కళ్లు అవి.

పసరు మాత్రం అండాలుదే అనుకున్నాడు. వేలితో తీసి చూశాడు. వెన్నలా మెత్తగా ఉంది, మధ్యమధ్య ఇసుక పలుకు. సాలమ్మ కాలికి ఉన్నదీ అదే మెత్తదనం. తడిగుడ్డతో తుడిచింది తనే కాబట్టి ఆ వేళ్లకు గుర్తుంది.

కుర్చీ లాక్కుని ముసలామె ఎదుట కూచున్నాడు.

"పేరు?"

"నీకు ఎర్కలేదా?"

"పేరు చెప్పమన్న."

"అండాలు. మీ ఇంటెన్క బజారే. నువ్వు లాగు లేకుంట ఉరికిన బజారు."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. పెద్దులు వాడివైపు చూశాడు. వాడు లేచి మంచినీళ్లకు పోయాడు.

"పొద్దుగాల శివకృష్ణ బావికాడికి ఎన్ని గంటలకు పోయినవ్?"

"పోలే."

"ఆరున్నరకు పోయినవ్. పసరు నూరి కాలికి పెట్టినవ్. చూసినోడున్నడు."

ముసలామె మొదటిసారి తలెత్తింది. "నూరిన్నా? ఎవడన్నడు?"

"వెంకన్న."

"గా చౌటుప్పల్ల పెరిగినోడు? వానికి ఎన్నడన్న తేలు కుట్టిందా?"

"అడిగేది నేను."

"కుడితే వానికి ఎర్కుండు. నా మందు నూరేది కాదు సారూ, నమిలేది. మా అత్త నమిలింది, ఆమె ఎన్క నేను నమిలిన. పక్క పండ్ల కింద ఆకు వెట్టి, పీసు పీసయ్యేదాక నమిలి, ఆ పిప్పి కాలికి కట్టాలె. రాయి తాకినా ఇనుము తాకినా అది మందు కాదు, గడ్డి."

"ఎంగిలి." పెద్దులు మొహం చిట్లించాడు. "జనం కాళ్లకు ఎంగిలి పూసి దండాలు పెట్టించుకున్నవన్నట్టు."

"పెట్టినోళ్లు పెట్టిన్రు. నేనడగలే."

"మంచిది. నూరలే, నమిలి పెట్టినవ్. శివకృష్ణ సచ్చిండు. మాట మారిస్తే కేసు మారదు."

"ఎట్ల నమలాలె?"

అని కొంగు తీసింది. నోరు తెరిచింది. పైన చిగురు, కింద చిగురు. పన్నన్నది ఒక్కటి లేదు. పసిపిల్ల నోరులా ఎర్రగా, ఖాళీగా ఉంది.

"చూసినవా? బువ్వే పిసుక్కొని మింగుతున్న. పండ్లు వోయినంక మందు వోయింది. ఎవలొచ్చినా దవాఖానకు ఉరుకుమనే చెప్తున్న. ఊరందరికీ ఎర్కే."

"నాకెర్కలేదు."

"నీతోని మాట్లాడేదెవడు?"

పెద్దులు లేచాడు. ముసలితనంలో పళ్లూడటం వింత కాదు, ఈమధ్యే ఊడి ఉంటాయి అనుకున్నాడు. ఎప్పుడని అడగలేదు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఎదుటివాణ్ని అడగకుండా అతను వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

ఎస్సై గోపీకృష్ణ లోపల అద్దంలో చూసుకుంటూ మీసం సర్దుకుంటున్నాడు. ముప్పై నిండలేదు. పరీక్ష రాసి పైనుంచి దిగిన ఎస్సై. కిందినుంచి పాకుతూ వచ్చిన ఏఎస్సైలంటే అతనికి పాత బెంచీలతో సమానం. అతనంటే పెద్దులుకు కొత్త బోర్డుతో సమానం. రంగు ఉంటుంది, వెనక గోడ ఉండదు.

"సార్, ఇది తేలు చావు కాదు. పురుగుల మందు. కంటిపాప చూసిన. దవాఖానల డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పిన, పొట్టల నీళ్లు పరీక్షకు పంపుమని."

"మీరు డాక్టర్‌కు చెప్పిన్రా?" గోపీకృష్ణ అద్దం దించాడు. "ఏడో తరగతి దాకా ఊరి బడిల చదివి?"

"పదో తరగతి సార్. మీకు అంతగనం లెక్క కావాలంటే."

"పెద్దులు గారూ, ఆరేళ్ల సంది ఈ ముసల్ది మనుషుల్ని చంపుతదని చెప్తున్నది మీరు. నేను ఈ ఠాణాకు వచ్చిన్నాడే చెప్పిన్రు. ఇప్పుడు చంపింది. నేను పట్టుకున్న. ఇంక మీకేం కావాలె?"

"ఆమె నోట్లె ఒక్క పన్ను లేదు సార్. ఆమె మందు నమిలేదంట."

"నిన్న పీకించుకున్నదేమో! పండ్లు లేవని ఎవడన్న కేసు కొట్టేస్తడా? నవ్వుతరు." గోపీకృష్ణ నిజంగానే నవ్వాడు. "జాలి పుట్టిందా ఏందీ?"

"జాలా?" పెద్దులు గొంతు పెరగలేదు. "దొంగ కేసుల లోపలికి పోయి రేపు కోర్టుల గెలిచి వస్తే, ఊర్లె పూలదండ ఏస్తరు సార్ ఆమెకు. ఆ ఎన్క నిజం కేసు కూడా కొట్టుకపోతది. ఆమె నా పెండ్లాన్ని చంపినందుకు పోవాలె. వేరేటోడు చేసిన పనికి పోవుడేంది?"

"మూడింటిదాక టైమిస్తున్న. మూడూ ఒక్క నిమిషానికి జీపెక్కిస్త."

"మూడు చాలు."

"మోటర్‌సైకిల్ పెట్రోలు మీదే," అన్నాడు గోపీకృష్ణ వెనకనుంచి.

దారిలో తాళ్ల కాడ ఒక నిమిషం ఆగాడు. కల్లు గీసే గౌడుతో రెండు మాటలు మాట్లాడి, సంచిలో ఏదో వేసుకుని, పావు తక్కువ పన్నెండుకు బావి కాడికి చేరాడు.

కొట్టం గుంజకు ఆనుకుని శివకృష్ణ భార్య నాగరాణి కూచుంది. శవం వచ్చేదాకా ఇంటికి పోనని మొండికేసిందట. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన మొహం. గట్టు మీద వెంకన్న సిగరెట్టు తాగుతున్నాడు. పోలీసును చూసి పారేశాడు. నలభై దగ్గర పడ్డవాడు. తండ్రి చిన్నప్పుడే చౌటుప్పల్ తీసుకుపోతే అక్కడే పెరిగి, నిరుడు ఊరికి తిరిగొచ్చాడు. చొక్కా ఇస్త్రీ మడత పోలేదు. తమ్ముడు చచ్చిన రోజున మడత పోని చొక్కా పెద్దులుకు నచ్చలేదు. మడత పోయినా నచ్చేది కాదు.

పెద్దులు ఎవరితో మాట్లాడకుండా ముందు జాగా చూశాడు.

మంచం. మంచం కింద శివకృష్ణ చెప్పులు. పొద్దున శవం కాలి మీద చూసిన బురద గుర్తొచ్చింది. మడి బురద ఎండి పెచ్చు కట్టి ఉంది, ఆ పెచ్చు మీదే పసరు. మందు పెట్టే మనిషి, ఎంత మూఢమనిషైనా, కాలు కడుగుతుంది. బురద మీద పూసింది మందు కాదు, రంగు.

బావి గట్టు మీద పలకరాయి. దాని మీద ఎండిన పచ్చటి మరక. పక్కన గుప్పిట్లో పట్టే గులకరాయి, దాని అడుగునా అదే మరక. మూడడుగుల దూరంలో ఉత్తరేణి మొక్కలు, నాలుగైదు ఆకులు దూసిన కాడలతో నిలబడి ఉన్నాయి. ఉత్తరేణి తేలుకు మందని బడిపిల్లలు కూడా చెబుతారు. దాన్ని ఎలా పెట్టాలో మాత్రం పెట్టించుకున్నవాళ్లకే తెలియాలి.

బావిలోకి వంగి చూశాడు. నీళ్ల మీద తెట్టు, నూనెలా రంగులు తేలుతోంది. ముక్కు మూసుకుని వెనక్కి వచ్చాడు.

"నాగరాణీ, మీ ఆయన ఫోనేది?"

"ఎత్కిన సార్. లేదు. స్నానం కాడ కూడ ఫోన్ ఇడవని మనిషి. తేలు కుడితే నాకు చెయ్యకుంట ఉంటడా? ఏడుంబావుకు బావ తన ఫోన్ల నుంచి చేసిండు. నేనొచ్చేసరికి..."

"ఫోన్ల ఏమున్నది?"

నాగరాణి వెంకన్నవైపు చూసింది. తర్వాత చూపు తిప్పలేదు.

"వీడియో ఉన్నది. పైసలు తీసుకొని ఈ బావిల రాత్రిళ్లు ట్యాంకర్లు తెచ్చి కంపెనీ ఇసపు నీళ్లు వోయిస్తున్నది మా బావే. మా ఆయన పని చేసే కంపెనీయే, ఆ ట్యాంకర్లను గుర్తు పట్టిండు. నాలుగు ఎకరాలు ఎండిపోయింది సార్. పోయిన వారం మా గొర్లు రెండు తాగి సచ్చినయ్. బుధవారం గ్రామసభల అందరికీ చూపిస్తనన్నడు."

బుధవారమంటే రేపు.

"ఇంటి ముచ్చట సార్," అన్నాడు వెంకన్న నవ్వబోయి. "ఆడమనిషి, దుఃఖంల ఉన్నది."

"నిన్నడగలే." పెద్దులు పలకరాయి మీద కాలు పెట్టాడు. "ఇటు రా. ముసల్ది ఏడ కూసొని నూరింది?"

"గా రాయి కాడనే సార్. గులకరాయి పట్టుకొని నూరింది. ఆకు జర ముదురు, మస్తు కష్టపడ్డది. నేనే ఇన్ని నీళ్లు వోసిన."

"కండ్లార చూసినవా?"

"నా తమ్ముడు సార్! కండ్లార చూడకుంట ఏడ పోత?"

"ఆకు నోట్లె పెట్టుకున్నదా?"

"ఛీ. నోట్లె ఎందుకు పెట్టుకుంటది?"

నాగరాణి గుంజ వదిలి లేచి నిలబడింది. "ఏమంటున్నవ్ బావా? అండాలవ్వ నూరుడేంది? నా పెండ్లయిన కొత్తల జెర్రి కరిస్తే నమిలి కట్టింది. ఊర్లె పసిపోరడైనా చెప్తడు. మందు ఇడిసిపెట్టి కూడ ఎన్నేండ్లాయె!"

వెంకన్న పలకరాయి వైపు చూశాడు. తేలు కుట్టని కాలు ఆ ఊళ్లో లేదు. ఇద్దరుంటే, ఒకడు తేలు కుట్టకముందే నౌకరీకి పోయిన పెద్దులు, రెండోవాడు చౌటుప్పల్‌లో పెరిగినవాడు. కాలి మీద పచ్చటి ముద్దను దూరం నుంచి చూసినవాడికి అది నూరినట్టే కనిపిస్తుంది.

"యాదికి రాలే సార్. ఆగమాగంల ఉన్న. నమిలిందేమో."

"నమిలింది?"

"ఆఁ, నమిలింది."

"పండ్లు లేకుంట?"

వెంకన్న మెడ మీద నరం కొట్టుకుంది. పెద్దులు దాన్ని తీరిగ్గా చూశాడు. అబద్ధం చెప్పేవాణ్ని అతను ఎప్పుడూ ద్వేషించలేదు. దాన్ని కూడా సరిగ్గా చెప్పలేనివాణ్ని మాత్రం సహించలేడు.

సంచిలోంచి కల్లు సీసా తీశాడు. అడుగున నాలుగు గుక్కలుంది. మూతి దగ్గర మట్టి అంటి ఉంది.

"కంపల దొరికింది. నీదేనా?"

"నేను కల్లు తాగ సార్."

"తాళ్ల కాడ గౌడు వేరే చెప్పిండు. ఐదున్నరకు రెండు సీసలు కొన్నవంట. ఒకటి నీకు, ఒకటి తమ్మునికి. అన్నదమ్ములు రాజీ పడుతున్నరని ఆయన ఖుషీ అయిండు." సీసా మూత తీసి చాపాడు. "తాగు."

"వద్దు సార్."

"కల్లే కదా. తేలు కుట్టి సచ్చిండు కదా మీ తమ్ముడు. ఇందుల ఏమున్నది? తాగు."

"సార్, వద్దు..."

"నోరు తెరువ్!"

వెంకన్న వెనక్కి అడుగేశాడు. ఇంకో అడుగు. గట్టు అంచున కాలు జారి కూలబడ్డాడు. సీసా మూతి పెదవి దాకా వచ్చేసరికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. గోళ్ల సందుల్లో ఆకు పచ్చ ఇంకా ఉంది.

"పొయ్యకు సార్! అండ్ల మందున్నది! ఆ సీస బావిల ఏసిన, నీకెట్ల దొరికింది..."

మాట బయటపడ్డాక గానీ వాడికి అర్థం కాలేదు.

పెద్దులు సీసా ఎత్తి నాలుగు గుక్కలూ తానే తాగేశాడు. మీసం తుడుచుకున్నాడు. "వచ్చే తొవ్వల నేను కొన్న. మంచి కల్లు."

నాగరాణి వెంకన్న మీదికి దూకలేదు, తిట్టలేదు. పోయి ఆ గులకరాయి తీసుకుని ఒడిలో పెట్టుకుంది, సాక్ష్యం ఎవరూ ఎత్తుకుపోకుండా. ఆ ఒక్క పనికి పెద్దులుకు ఆమె మీద గౌరవం కలిగింది. చాలా రోజుల తర్వాత ఒక మనిషి మీద కలిగిన గౌరవం.

"కాలికి ముల్లు గుచ్చినవ్, పసరు పూసినవ్. అంత తెలివి చేసినోనివి, అండాలు మీదికే ఎందుకు తోసినవ్ రా?"

వెంకన్న కింద నుంచే చూశాడు. ఇప్పుడు వాడి మొహంలో భయం కంటే ఎగతాళి ఎక్కువ ఉంది.

"నాకెట్ల ఎర్క సార్ ఆమె మనుషుల్ని చంపుతదని? మీరే కదా చెప్పింది. చాయ్ కొట్టు కాడ పదిసార్లు ఇన్న. పోలీసాయన పెండ్లాన్నే చంపిందంటే, ఇంకొకణ్ని చంపిందంటే ఎవడు కాదంటడు అనుకున్న. మీ మాటే నమ్ముకున్న సార్."

పెద్దులు వాణ్ని లేపి నిలబెట్టాడు. బేడీలు వేశాడు. మామూలుగా వేసేదానికంటే ఒక పన్ను బిగువుగా.

రెండున్నరకు ఠాణాలో గోపీకృష్ణ వెంకన్న చెప్పింది విని, కాగితం చదివి, టోపీ పెట్టుకున్నాడు.

"నాకు పొద్దుగాలనే డౌటొచ్చింది," అన్నాడు.

"వచ్చే ఉంటది సార్. అద్దంల కనబడ్డదేమో."

గోపీకృష్ణ మొహం ఎర్రబడింది. "ముసలామెను వదలాలంటే కాగితం కావాలె. పండ్లు లేవన్న దానికి రుజువు. రేపు వెంకన్న వకీలు కోర్టుల ఏమడుగుతడు? అవి మొన్ననే పీకించి తెచ్చిన్రంటడు. చదువుకున్నోళ్ల పని ఇట్లుంటది పెద్దులు గారూ. కాగితం తెండి, తీసుకపోండి."

మాట ఎగతాళిగా అన్నా, అడిగింది సరైనదే. పెద్దులు వరండాలోకి వచ్చాడు. అండాలు అదే బల్ల మీద అలాగే ఉంది. ఎవరో ఇచ్చిన బన్నును చాయ్‌లో నానబెట్టి మింగుతోంది.

"పండ్లు పీకిన చీటి ఏమన్న ఉన్నదా?"

"ఉన్నది. నల్లగొండ సర్కారు దవాఖానది. దినాం నాలుగు చొప్పున పీకిండు, సచ్చినంత పనైంది." రవికె లోపలి నుంచి చిన్న గుడ్డ సంచీ తీసింది. రేషన్ కార్డు, ఆధార్, పింఛన్ పుస్తకం, వాటి నడుమ నాలుగు మడతల చీటి. మడతల దగ్గర చిరిగి, పసుపెక్కి ఉంది.

పెద్దులు విప్పాడు. పేరు, వయసు, గుండ్రటి ముద్ర. కింద డాక్టరు రాత, 'అన్ని పళ్లూ తీసివేయడమైనది' అన్న అర్థం వచ్చేట్టు. తేదీ మీద చూపు ఆగింది.

పన్నెండు, రెండు, రెండువేల పద్దెనిమిది.

మళ్లీ చదివాడు. అదే సంవత్సరం ఆగస్టు తొమ్మిదిన సాలమ్మ పోయింది. ఫిబ్రవరి నుంచి ఆగస్టుకు ఆరు నెలలు. లెక్క చిన్నది. వేళ్ల మీద ఇంకోసారి లెక్కపెట్టాడు.

"ఇది..." తేదీ మీద వేలు పెట్టాడు. "సాలమ్మకు నువ్వేం పెట్టినవ్?"

అండాలు చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"పెట్టలే."

"మా అమ్మ చెప్పింది నువ్వొచ్చి పెట్టినవని."

"మీ అమ్మ నా ఇంటికొచ్చింది. ఆరున్నర ఉండొచ్చు. మందియ్యమన్నది. నోరు తెరిచి చూపిచ్చిన. ఎర్రతేలంట, కాళ్లు సల్లబడ్డయంట, ఇది నా చేతిలది కాదు, దవాఖానకు ఉరుకు, ఆటో నేనే పిలుస్తనన్న. కొడుకునడుగుతనని నా వాకిట్లనే నిలబడి నీకు ఫోన్ జేసింది. చెవుడు కదా ఆమెకు, స్పీకర్ వెట్టింది."

పెద్దులు చీటిని దాని పాత మడతల్లోనే మడిచాడు.

ఆ పొద్దు అతను పానగల్‌లో బందోబస్తులో ఉన్నాడు. ముందు రోజు డీఎస్పీ నలుగురిలో తిట్టాడు. ఆరూ నలభైకి ఫోను మోగింది.

"నేనిన్న," అన్నది అండాలు. ఆమె గొంతులో కోపం లేదు. కోపానికి తగినంత విలువ కూడా అతనికి ఇవ్వదలచుకోలేదు. "తేలే కదా అన్నవ్. పాము కాదు కదా అన్నవ్. ఆ ముసల్దాని మందు వెట్టు, డ్యూటీల ఉంటే ఊకె ఫోన్ జెయ్యకు అన్నవ్. మీ అమ్మ మల్ల జేసింది. నువ్వెత్తలే. కొడుకు మందు వెట్టమన్నడని ఇంటికి వోయి ఆమెనే ఏదో నూరింది. నేనేం చెప్పినా ఇనలే. నీకు భయపడ్డది."

నూరింది. వెన్నలా మెత్తగా. మధ్యమధ్య ఇసుక పలుకు.

"ఆరేండ్లు ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఇనే మనిషివా నువ్వు?"

ఆమె చెయ్యి చాపింది. అతను చీటి నకలు తీయించి, అసలుది మడతలు చెడకుండా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గుడ్డ సంచీలో దాచుకుని, గోడ పట్టుకుని లేచి, మెట్లు దిగి పోయింది. దిగేటప్పుడు చెయ్యి అందించబోయాడు. ఆమె పట్టుకోలేదు.

సాయంత్రం ఐదున్నరకు పెద్దులు ఇల్లు చేరాడు. తల్లి నర్సింగమ్మ గడప దగ్గర చింతపండు గింజలు తీస్తోంది. వీధి పొడవునా వార్త అతనికంటే ముందే వచ్చి ఉంది.

"అండాలును లోపలేసిన్రా?" అని అరిచింది, చెవిటివాళ్లు అరిచినట్టు.

"లేదు. ఇంటికి వోయింది."

"ఎట్ల?"

"పండ్లు లేవు." తల్లి చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "ఆరేండ్ల కిందనే పీకించుకున్నది. ఫిబ్రవరిల."

నర్సింగమ్మ వేళ్ల మధ్య చింతగింజ ఆగిపోయింది. కొడుకు మొహం చూసింది. అందులో తను ఆరేళ్లుగా భయపడుతున్నది కనిపించినట్టుంది, కళ్లు దించుకుంది. ఈ ముసలి మనిషి కోడలి చావు అండాలు నెత్తిన రుద్దింది తనను కాపాడుకోవడానికి కాదు. ఆ ఫోను మాటను కొడుక్కు యాదికి రానీయకుండా ఉండటానికి.

"కొడుకా, గా పొద్దు నువ్వు..."

"అమ్మా."

"నువ్వనుకోలే గని, గా ఫోన్ల..."

"అమ్మా, ఆపు." పెద్దులు టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు. బూట్లు విప్పాడు. జత పక్కపక్కన పెట్టాడు. "సాలమ్మ తేలు కుట్టి సచ్చింది. అంతే. అండాలు పేరు ఈ ఇంట్ల లేవొద్దు. ఫోన్ మాట అసలే లేవొద్దు. నువ్వెత్తొద్దు. నేను సచ్చేదాక ఎత్త."

తర్వాత పీట వాల్చుకుని కూచున్నాడు.

"బువ్వ వెట్టు."